తోలు ముట్టని డప్పు శిక్షణ ఎవరి కోసం?

ఈ మధ్య ఒక డప్పు శిక్షణ శిబిరం ప్రకటన ఫోనులో చూశాను. దరువులు, అడుగులు, బృంద ప్రదర్శన నేర్పుతారట. చివరి వరసలో "డప్పులు మేమే ఇస్తాం, అన్నీ ఫైబర్‌వే, వాసన ఉండదు" అని ఉంది. నిర్వాహకులు మంచి ఉద్దేశంతోనే రాసి ఉంటారు. కొత్తవాళ్లు వెనుకాడకూడదనే రాసి ఉంటారు. అయినా నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను. డప్పు కావాలి, దాని తోలు అక్కర్లేదు. దరువు కావాలి, ఆ తోలును సున్నంలో నానబెట్టి గీకిన చేతులు మాత్రం కంటపడకూడదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డప్పు నేర్పేచోట డప్పు చేయడం కూడా నేర్పాలి. చేయడమంటే సిద్ధంగా ఉన్న చట్రానికి సిద్ధంగా ఉన్న తోలు బిగించడం కాదు, పచ్చితోలు దగ్గర మొదలుపెట్టడం. ఆ పని మాదిగవాడ పిల్లలకు మాత్రమే నేర్పేదైతే నేను ఒప్పుకోను. మిగతా కులాలవాళ్లు వచ్చి కూర్చుని నేర్చుకోవాలి. ఈ అభిప్రాయానికి రావడం నాకు తేలిక కాలేదు. దీన్ని కాదనే మనిషి మా ఇంట్లోనే ఉన్నారు, మా నాన్న.

నాన్న బడిపంతులు. మా తాత ఊరందరి చావులకూ జాతరలకూ డప్పు కొట్టేవారు. చుట్టుపక్కల ఊళ్లకు డప్పులు చేసి ఇచ్చేవారు కూడా. నాన్నకు ఉద్యోగం వచ్చి పట్నంలో ఇల్లు కట్టాక ఆ ఇంట్లోకి డప్పు రాలేదు. తాత చనిపోయినప్పుడు, బతుకంతా ఇతరుల శవాల ముందు డప్పు కొట్టిన మనిషి పాడె ముందు డప్పు మోగాలా వద్దా అని పెద్ద వాదన జరిగింది. "ఆయన ఇష్టపడే కొట్టారని మీకెవరు చెప్పారు?" అని నాన్న అడిగారు. "ఆయనకు కొట్టకుండా రేపటి నుంచి ఇంకెవరికి కొట్టమంటావు?" అని తాత తోటివాళ్లు అడిగారు. చివరికి కొట్టారు. నాన్న పాడె మోశారు కానీ డప్పుల వైపు తలతిప్పి చూడలేదు. ఆ రెండు మాటల్లో దేన్ని కాదనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

పచ్చితోలు దగ్గర

పోయిన చలికాలంలో మా అమ్మవాళ్ల ఊళ్లో, ఎస్సీ కమ్యూనిటీ హాలు ముందు చింతచెట్టు కింద, వాడ పెద్దలు డప్పు తయారీ నేర్పారు. వచ్చినవాళ్లలో కాలేజీ పిల్లలున్నారు, పట్నం నుంచి వచ్చిన ఉద్యోగులున్నారు, పక్క మండలం నుంచి ఒక లెక్చరర్ ఉన్నారు. నేర్పిన పెద్దాయనను అందరం తాత అనే పిలిచాం.

మొదటి పాఠం ఉప్పు గురించి. మాంసం దుకాణం నుంచి వచ్చే మేకతోలుకు కుళ్లకుండా ఉప్పు పట్టించి ఉంటుంది. ఆ ఉప్పు పూర్తిగా పోయేదాకా నీళ్లు మార్చి మార్చి కడగాలి. కాస్త మిగిలినా అది గాలిలోని తేమను లాక్కుంటూనే ఉంటుంది, ఆ డప్పుకు బిగువు నిలవదు. తర్వాత సున్నపు నీళ్లలో నానేయాలి. వేళ్లతో లాగితే వెంట్రుక కుదురుతో సహా ఊడివచ్చేదాకా ఆగాలి. ఇంకా ఆగితే తోలులో పస పోతుంది, గీకేటప్పుడు చిరుగుతుంది. బయటికి తీసి దుంగ మీద పరిచి, మొద్దు కత్తితో ఒకవైపు వెంట్రుకలు, తిప్పి వేసి రెండోవైపు అంటుకున్న కొవ్వు, పొర గీకాలి. కత్తికి పదునుంటే పని చెడుతుంది. చేతికి ఎంత బరువు వేయాలో తాత నోటితో చెప్పబోయి మానుకున్నారు. నా చేతి మీద తన చెయ్యి వేసి గీకించారు.

వాసన గురించి అబద్ధం చెప్పను. ఘాటుగా ఉంటుంది. చేతులకు పట్టుకుంటుంది, సబ్బుకు వెంటనే లొంగదు. మొదటిరోజు చాలామంది ముక్కుకు రుమాలు కట్టుకున్నారు. రెండోరోజుకి రుమాళ్లు జేబుల్లోకి వెళ్లాయి. వాసన తగ్గలేదు, పని మీద ధ్యాస పెరిగింది.

చెప్పుల తోలు వేరు, డప్పు తోలు వేరు అని నాకు అక్కడే తెలిసింది. చెప్పులకు వాడే తోలును లందలో, అంటే తోలు ఊరబెట్టే గుంటలో, తంగేడు బెరడుతో, కరక్కాయతో ఊరబెడతారు. అలా ఊరిన తోలు మెత్తగా వంగుతుంది, కుళ్లదు. డప్పు తోలును ఊరబెట్టరు, పచ్చిదాన్నే ఆరబెడతారు. గట్టిగా కంగుమని మోగడానికి అదే కారణం, తేమ పెరిగితే సాగి గొంతు దిగిపోవడానికీ అదే కారణం. కొట్టే ముందు గడ్డిమంట దగ్గర కాగబెట్టేది ఆ తేమను వెళ్లగొట్టడానికే. ఊరేగింపుల్లో ఆ మంటను చూసి హుషారు కోసం చేసే హడావిడి అనుకునేవాళ్లను చూశాను. అది శ్రుతి చేయడం. వీణ వాయించేవారు బిరడాలు తిప్పుకునేటప్పుడు సభ ఎంత ఓపికగా కూర్చుంటుందో, డప్పు కాగేటప్పుడూ అంత ఓపిక దక్కాలి. ఎంత వేడి చాలో కళాకారుడు వేలితో మీటి చెబుతాడు. ఒక్క క్షణం ఎక్కువైతే తోలు పగులుతుంది.

బిగించేటప్పుడు తాత ముందు తోలును వెలుగుకు ఎత్తి పట్టి వెన్నుగీత ఎక్కడుందో చూపించారు. వెన్ను దగ్గర తోలు మందంగా ఉంటుంది, పొట్ట వైపు పలచబడి ఎక్కువ సాగుతుంది. వెన్నుగీత చట్రానికి నడిమధ్యన రావాలి, అప్పుడే రెండువైపులా సాగుడు సమంగా ఉంటుంది. పక్కకు జరిగితే ఆ డప్పు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా పలుకుతుంది. తడితోలు అంచు చుట్టూ రంధ్రాలు చేసి, తోలు వారుతో వెనకనున్న ఇనుప కడియానికి లాగి కట్టాలి. నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే అంచులు ముందుగా ఎండి రంధ్రాల దగ్గర చీరుకుపోతుంది. ఆరేకొద్దీ తోలు తనంతట తనే బిగుస్తుంది కాబట్టి, తడిగా ఉన్నప్పుడు మన బలమంతా చూపిస్తే చట్రం వంకర తిరుగుతుంది. ఇంత చేశాకగానీ డప్పు కొట్టే పుల్లలు, కుడిచేతికి చిర్ర, ఎడమచేతికి సిటికెన పుల్ల, రావు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, దీన్ని జ్ఞానమని మన చదువు ఎప్పుడూ ఒప్పుకోలేదు. జంతువు శరీరం గురించి, తేమ గురించి, చెక్క గుణం గురించి తెలిసిన మనిషి ఆ తాత. ఊరు ఆయన్ను ఎన్నడూ అలా పిలవలేదు.

లెక్చరర్ చెప్పిన మాట

ఆ లెక్చరర్ మా కులం కాదు. రోజంతా వంచిన నడుము ఎత్తకుండా తోలు గీకారు, అందరికంటే శుభ్రంగా గీకారు. సాయంత్రం చేతులు కడుక్కుంటూ నాతో నెమ్మదిగా ఒక మాట చెప్పారు. "ఇంట్లో డప్పు నేర్చుకుంటున్నానని చెప్పానండీ, అమ్మ సంతోషించింది. తోలు సంగతి చెప్పలేదు." ఆయన నిజాయతీకి నాకు గౌరవం కలిగింది. ఆ మాటలోనే నేను వెతుకుతున్నదంతా ఉంది.

డప్పుకు ఇప్పుడు గౌరవం వచ్చింది. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికల మీద మోగింది. రాజకీయ సభల్లో నాయకులు మెడలో వేసుకుని నాలుగు దెబ్బలు కొట్టి ఫొటోలు దిగుతారు. ఆ గౌరవం ఊరికే రాలేదు, కొట్లాడితే వచ్చింది. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ రిజర్వేషన్ పోరాటాన్ని జనం దండోరా అనే పిలుచుకున్నారు. ఆదివాసుల హక్కుల పోరాట సమితికి తుడుం దెబ్బ, గొల్లకురుమల సంఘానికి డోలు దెబ్బ, లంబాడీల సమితికి నంగారా భేరి అన్న పేర్లున్నాయి. తమ వాద్యాన్నే తమ రాజకీయానికి పేరుగా పెట్టుకున్న నేల ఇది. తిట్టుగా వాడిన కులం పేరును మావాళ్లు తమ పేర్ల చివర గర్వంగా పెట్టుకున్నదీ దండోరాతోనే. 2024 ఆగస్టు 1న ఎస్సీ రిజర్వేషన్ల వర్గీకరణకు సుప్రీంకోర్టు దారి చూపే వరకు ముప్పై ఏళ్లు ఆ డప్పు ఆగలేదు.

ఇన్ని జరిగినా, గౌరవం డప్పు మోగే వైపుకే వచ్చింది. వెనకవైపుకు, ఇనుప కడియం, తోలు వారు ఉండే వైపుకు రాలేదు. లెక్చరర్ ఇంట్లో చెప్పగలిగిందీ చెప్పలేనిదీ సరిగ్గా ఆ గీత దగ్గరే విడిపోయాయి.

మృదంగం సంగతి చూడండి. అదీ తోలే. మేకతోలు, ఆవుతోలు, గేదెతోలు కలిపి కడతారు. విద్వాంసుడు జీవితాంతం దాన్ని వట్టి వేళ్లతో తాకుతాడు, గర్భగుడి ముందు కూర్చుని వాయిస్తాడు. తమిళనాట దాన్ని కట్టే చేతులు ఎక్కువగా దళితులవే, కచేరీ కరపత్రంలో వాళ్ల పేరుండదు. కాబట్టి అసలు సమస్య తోలు కాదు, వాసనా కాదు. పచ్చితోలును ఎవరు ముట్టారన్నదే సమస్య. ఆ ముట్టుడును దాచి డప్పును కళగా నిలబెడితే, అంటరానితనం ఒక మెట్టు కిందికి జరుగుతుంది తప్ప పోదు.

అక్కడ వద్దన్నారు, ఇక్కడ కొట్టి తీరాలన్నారు

కెనడాలో చదువుకుంటున్న మా పిన్ని కూతురు అక్కడి మూలవాసుల పెద్దలు నేర్పే చేతిడోలు తయారీకి వెళ్లింది. బకెట్ నీళ్లలో నానిన జింకతోలు, చెక్క చట్రం, వెనక తోలు తాళ్ల అల్లిక. ఫొటోలు చూసి నాన్నే "మనదానిలాగే ఉందే" అన్నారు. అక్కడ ముందు ఆ జంతువుకు కృతజ్ఞత చెప్పారట. ఎవరైనా తన చేత్తో చేసిన మొదటి డోలును తను ఉంచుకోకుండా ఇంకొకరికి ఇచ్చేయాలని చెప్పారట. తోలు ముట్టినందుకు ఎవరూ ఎవరినీ తక్కువగా చూడలేదు.

"మరి మనవాళ్లు ఎందుకంత సిగ్గుపడతారు?" అని తను అడిగింది. చాలా రోజులు ఆలోచించాను. కెనడా ప్రభుత్వం 1885 నుంచి 1951 దాకా పసిఫిక్ తీరప్రజలు కానుకలు పంచుకునే పాట్లాచ్ వేడుకను చట్టంతో నిషేధించింది. 1895లో ఆ నిషేధాన్ని మరిన్ని వేడుకలకు విస్తరించింది. ఆ వేడుకల్లో పాల్గొన్నవాళ్లను జైలుకు పంపే వీలు ఆ చట్టంలో ఉండేది. కాబట్టి ఈరోజు అక్కడ డోలు చేయడమంటే లాక్కున్నదాన్ని తిరిగి తెచ్చుకోవడం. మా డప్పును ఎవరూ నిషేధించలేదు, ఆజ్ఞాపించారు. చావు కబురు రాగానే వెళ్లాలి, ఊరి చాటింపు వేయాలి, జాతరలో పొద్దంతా కొట్టి గుడికి దూరంగా నిలబడాలి. రానంటే తన్నులు. నిషేధించినదాన్ని తిరిగి పట్టుకోవడంలో సంతోషం నేరుగా దొరుకుతుంది. బలవంతంగా చేయించినదాన్ని మళ్లీ చేతిలోకి తీసుకోవాలంటే, ముందు దాన్ని కింద పడేసే హక్కు ఉండాలి. వాళ్ల శిబిరం పద్ధతిని మనం అచ్చుగుద్దినట్టు తెచ్చుకోలేకపోవడానికి కారణం ఇదే.

దీన్ని నాకు సరిగ్గా అర్థం చేయించింది ఒక తల్లి. శిబిరం జరుగుతుండగా వాడలోనే ఉండే ఒకామె వచ్చి, ఇంటర్ చదివే తన కొడుకు చేతిలోని కత్తి తీసి పక్కన పెట్టింది. "వీడి తాత గీకాడు, తండ్రి గీకాడు. వీడు చదువుకోవాలి. మీకు సరదా, మాకు కాదు" అంది. ఎవరమూ మాట్లాడలేదు. తాత మాత్రం పిల్లాడి భుజం తట్టి, "అమ్మ చెప్పింది నిజమే బిడ్డా, పో, చదువుకో" అన్నారు.

ఆమె ఒంటరిగా మాట్లాడలేదు. ఆమె వెనక పెద్ద చరిత్ర ఉంది. 1927లో మహారాష్ట్రలోని మహాడ్ సభలో అంబేద్కర్ చచ్చిన పశువుల మాంసం మానేయమని తనవాళ్లకు చెప్పారు. ఆ మానుకోవడంలోనే ఆత్మగౌరవం మొదలవుతుందన్నది ఆయన దారి. పౌరహక్కుల పరిరక్షణ చట్టంలో 1976లో చేర్చిన సెక్షన్ 7ఏ ప్రకారం, అంటరానితనం పేరుతో ఎవరిచేతనైనా బలవంతంగా పశువు తోలు తీయించడం నేరం. 2016 జులైలో గుజరాత్‌లోని ఉనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత యువకులను కట్టేసి కొట్టాక, సురేంద్రనగర్‌లో దళితులు పశువుల కళేబరాలను తెచ్చి కలెక్టరేట్ ముందు పడేశారు. ఇక మీరే ఎత్తుకోండన్నారు. మా నాన్న ఇంట్లోకి డప్పు రానివ్వకపోవడం కూడా ఆ వరసలోదే. తోలు పనిని ఎవరైనా గొప్పచేసి మాట్లాడితే నాన్నకు కోపం వస్తుంది. ఆ కోపాన్ని తీసిపారేసే హక్కు నాకు లేదు.

అందుకే, వాడ పిల్లలు తమ వారసత్వాన్ని కాపాడుకోవాలి అనే మాటను నేను నమ్మను. కాపాడే బరువు మళ్లీ వాళ్ల మీదే ఎందుకు? తోలు పని మాదిగల ఒంటికి అంటుకుపోయిన పుట్టుమచ్చ కాకుండా పోవాలంటే రెండు దారులున్నాయి. మాదిగలందరూ దాన్ని వదిలేయడం ఒకటి. మాదిగలు కానివాళ్లు కూడా దాన్ని చేయడం రెండోది. మొదటి దారిలో పని చచ్చిపోతుంది, దాని మీది అసహ్యం మాత్రం బతికే ఉంటుంది. రెండో దారిలో అసహ్యానికి దెబ్బ తగులుతుంది. ఇది నేను నాన్నకు చెప్పాను. "ముందు వాళ్లను చేయనీ, తర్వాత చూద్దాం" అన్నారు. కాదని అనలేదు.

ఫైబర్ డప్పును తప్పుపట్టలేను

ఇక్కడ ఫైబర్ డప్పు పక్షాన చెప్పాల్సినవి కూడా ఉన్నాయి. వానలో మోగుతుంది. బోల్టులు తిప్పితే శ్రుతి కుదురుతుంది, మంట అక్కర్లేదు. తేలిక కాబట్టి ఆడపిల్లలు, చిన్నపిల్లలు గంటల తరబడి మోయగలరు. రోజుకు రెండు పెళ్లిళ్లు ఒప్పుకున్న బృందానికి తోలు ఆరేదాకా కూర్చునే తీరిక ఉండదు. ఆ తాత ఇంట్లోనే దూలానికి ఒక ఫైబర్ డప్పు వేలాడుతుంటే అడిగాను. "ముసురు పట్టినప్పుడు అదే అన్నం పెడుతుంది" అన్నారు. జంతువు తోలు వాడటం ఇష్టంలేనివాళ్లూ ఉంటారు, వాళ్ల పట్టింపు వాళ్లది.

బతుకుతెరువు కోసం ఫైబర్ పట్టుకున్న కళాకారుణ్ణి నేను ఒక్క మాట అనను. నా అభ్యంతరమంతా నేర్పేచోట, అదీ "వాసన ఉండదు" అని చెప్పి రమ్మనడం మీద. పని కోసం వాడితే అది ఒక సౌకర్యం. నేర్చుకోవడానికి వచ్చినవాడికి వాసన లేకపోవడమే ఆకర్షణ అని చూపిస్తే, అసహ్యాన్ని మనమే పెంచి పోషించినట్టు.

శాలువా, కూలీ

చివరిరోజు తాతకు శాలువా కప్పారు, జ్ఞాపిక ఇచ్చారు. చప్పట్లు కొట్టాం. ఆయన అన్ని రోజులు పని మానుకుని మాకు నేర్పారు. కూలీ ఎంత ఇవ్వాలన్న మాట ఎవరి నోటా రాలేదు. భోజనాలకు, తోళ్లకు, మైకుకు లెక్క రాశారు, గురువుకు రాయలేదు. అభిమానంతో నేర్పుతున్నారని అందరూ అనుకున్నారు. పూర్వం ఊరు కూడా డప్పుకు కూలీ అడగవద్దని, గింజలు పెడతామని ఇలాగే అనుకుంది.

ప్రభుత్వం లెక్కలోనూ ఇలాంటి ఖాళీ ఒకటి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులకు నెలకు 4,000 రూపాయల పింఛను ఉంది. చెప్పులు కుట్టే చర్మకారులకూ అంతే ఉంది. రెండూ మంచి పనులే. డప్పు చేసి ఇచ్చి, వేదిక ఎక్కని మనిషి ఈ రెండు వరసల్లో ఎక్కడ నిలబడాలి? కొట్టేవాడే కళాకారుడు అని అందరం అనుకుంటున్నందుకే ఈ ప్రశ్న మిగిలిపోయింది.

రాబోయే చలికాలానికి మళ్లీ శిబిరం పెట్టాలని ఆ ఊరి యువకులు అనుకుంటున్నారు, నన్నూ కలుపుకున్నారు. గురువుకు రోజుకూలీ లెక్కలో మొదటి వరసగా రాయాలన్నాను, రాశారు. ప్రతి చట్రం లోపలివైపు చేసినవారి పేరు కాల్చి రాయాలన్నాను, దానికీ ఒప్పుకున్నారు. తోలు పని దగ్గర మాత్రం పేచీ తెగలేదు. బయటి కులాలవాళ్లకు తోలు గీకడం తప్పనిసరి, వాడ పిల్లలకు ఇష్టమైతేనే అని నేను ప్రతిపాదించాను. వాళ్లలో ఒక అమ్మాయి ఒప్పుకోలేదు. "వచ్చినవాళ్ల కులం అడిగి పని పంచుతామా? మనమూ అదే చేస్తామా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆమె ఇంకో పద్ధతి చెప్పింది. కులం ఎవరినీ అడగవద్దు. తోలు వద్దన్నవాళ్లు ఎవరైనా సరే, కారణం చెప్పకుండా చట్రం పనికి వెళ్లవచ్చు. అయితే తోలు పని జరిగేది చెట్టు కిందే, అందరి కళ్ల ముందే, భోజనాల వరసకు పక్కనే.

అలాగైతే బయటివాళ్లంతా చట్రం వైపే నడుస్తారేమోనని నా భయం. ఆ భయం ఆమెకూ ఉంది. అయినా ముందు ఆమె పద్ధతిలోనే చేసి చూస్తున్నాం.